శాఖా గ్రంథాలయంలో చంటిపిల్లలకు కథల వేళ: అన్ని వయసుల పిల్లలనూ కలిపి కూర్చోబెట్టవచ్చా?

ప్రశ్న (కడప నుంచి ఒక తల్లి)

నమస్కారం. కడపలో మా వీధికి దగ్గరలో ఉన్న శాఖా గ్రంథాలయంలో ఆదివారం ఉదయం చిన్నపిల్లలకు కథలు చెప్పుకోవడానికి అక్కడి గ్రంథాలయాధికారి అనుమతి ఇచ్చారు. దినపత్రికల గదిని ఆనుకుని ఉన్న చిన్న గదిలో చాపలు పరుచుకుంటున్నాము. వచ్చేవారిలో ఇంకా పాకుతున్న పాప మొదలుకొని వచ్చే ఏడు ఒకటో తరగతిలో చేరబోయే పిల్లవాడి వరకు అన్ని వయసుల వారూ ఉన్నారు. కథ మొదలు పెట్టేసరికి చంటిపిల్లలు ఏడుపు లంకించుకుంటారు, రెండేళ్ల వారు లేచి బీరువాల మధ్య పరుగులు తీస్తారు, నాలుగేళ్ల వారు మాత్రం తర్వాత ఏమైందని అడుగుతూ కూర్చుంటారు. పెద్దవాళ్లేమో పిల్లలను ముందుకు తోసి, తాము గోడవారన చేరి ఫోన్లు చూసుకుంటారు.

ఏడాది నిండని బిడ్డకు పుస్తకం ఏం తెలుస్తుందని, దానికి బదులు ఇంగ్లీషు రైమ్స్ నేర్పితే బడిలో పనికొస్తాయని ఒక తండ్రి అంటున్నారు. ఆయనకు ఏమని చెప్పాలి? పైగా మా వీధిలో చాలా ఇళ్లలో ఉర్దూ మాట్లాడతారు. ఆ పిల్లలకు తెలుగు పుస్తకాలతో ఎలా నడపాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు (విశ్రాంత గ్రంథాలయాధికారి, అనంతపురం)

అమ్మా, ముందుగా ఆ తండ్రిగారి మాటకు వస్తాను. పుట్టిన బిడ్డకు జానెడు దూరంలోని ముఖం మాత్రమే కొంత స్పష్టంగా కనబడుతుంది. కాబట్టి తొలి నెలల్లో ఆ బిడ్డకు తల్లి ముఖమే బొమ్మ, తల్లి గొంతే కథ. పుస్తకం అక్షరాలు నేర్పడానికి కాదు, ఇంట్లో రోజూ వాడని మాటలు కూడా ఆ గొంతులో వినబడటానికి. పసితనం నుంచే బిడ్డకు పుస్తకం చదివి వినిపించమని తల్లిదండ్రులకు చెప్పాలని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 2014లోనే తన వైద్యులకు సూచించింది. ఏడాది లోపు బిడ్డకు తెర అసలే చూపవద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట దాటనివ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఇంగ్లీషు రైమ్స్‌కు నేను వ్యతిరేకిని కాను. అయితే వాటిని ఫోనులో పెట్టి బిడ్డను దాని ముందు కూర్చోబెట్టడం వేరు, ఒడిలో పెట్టుకుని పాడటం వేరు.

వీలుంటే రెండు జట్లు చేయండి. మూడేళ్లలోపు వారికి పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. ఆపై వారికి అరగంట. చిన్నవారి జట్టులో ప్రతి బిడ్డా ఎవరో ఒకరి ఒడిలో ఉండాలని మొదటి రోజే చెప్పేయండి. చేతులు బిడ్డను పట్టుకుని చప్పట్లు కొట్టిస్తుంటే ఫోను దానంతట అదే సంచిలోకి వెళుతుంది. నిజానికి అక్కడ పాఠం బిడ్డకంటే తల్లికే ఎక్కువ, ఎందుకంటే వారంలో మిగిలిన రోజులన్నీ బిడ్డ ఆమె దగ్గరే ఉంటుంది. ప్రతి వారం అదే పాటతో మొదలు పెట్టి అదే పాటతో ముగించండి, ఒక పుస్తకాన్ని కొన్ని వారాలు వరుసగా చదవండి. విసుగు మనకే తప్ప పిల్లలకు కాదు.

జవాబు (అంగన్‌వాడీలో పనిచేసిన అమ్మమ్మ, కర్నూలు)

పెద్దాయన చెప్పినదంతా సరే కానీ, జట్లు విడదీయమనడం నాకు నచ్చలేదు. చంకలో ఒకరు, చేయి పట్టుకుని ఒకరు, ఇద్దరితో వచ్చే తల్లి రెండుసార్లు ఎలా రాగలదు? అంగన్‌వాడీకి మూడేళ్లు నిండిన పిల్లవాడు వచ్చినా వెనకే చెల్లెలు కూడా వచ్చేది. కలిపే కూర్చోబెట్టు తల్లీ, వరుస మాత్రం మార్చు. పాటలు ముందు, నాలుగు మాటల బొమ్మల పుస్తకం తర్వాత, మళ్లీ ఒక ఆట. పెద్ద కథ అన్నిటికంటే చివర; అప్పటికి చిన్నవాళ్ల ముందు మూతలున్న ఖాళీ డబ్బాలు, చెక్క బొమ్మలు పడేస్తే వాళ్ల పనిలో వాళ్లుంటారు.

పాటల కోసం ఎక్కడికీ పోనక్కరలేదు. కాళ్లాగజ్జె ఆడించేటప్పుడు అందరూ కాళ్లు చాపి వరుసగా కూర్చుంటారు కదా, ఒక్కొక్క మాటకు ఒక్కొక్క కాలు తట్టుకుంటూ పోతావు, చివరి మాట ఎవరి కాలి మీద పడితే వాళ్లు ఆ కాలు ముడుచుకోవాలి. నాలుగేళ్లవాడు ఆ మాట ఎక్కడ పడుతుందో ముందే లెక్క వేసుకుంటాడు. ఒడిలో ఉన్న పాప కాలిని తల్లి తడుతుంది, పాపకు లెక్క అక్కరలేదు, ఆ దెబ్బ తాళం చాలు. రెండేళ్లవానికి గుడుగుడు గుంజం, పిడికిలి మీద పిడికిలి పెట్టడమంటే వాళ్లకు ప్రాణం. పాట వాళ్లకు బాగా అలవాటయ్యాక చివరి మాట చెప్పకుండా ఆగి చూడు, వాళ్లే అందిస్తారు. మాటలో ఏ శబ్దం ఎక్కడ విరుగుతుందో చెవికి పట్టుబడేది అక్కడే; రేపు గుణింతం చదివేటప్పుడు అది పనికొస్తుంది.

జవాబు (ప్రొద్దుటూరు నుంచి ఒక తల్లి)

అక్కా, మేము ఇంట్లో ఉర్దూ మాట్లాడతాము కాబట్టి మీ రెండో సందేహానికి నేను చెబుతాను. మాటలే లేని బొమ్మల పుస్తకాలు తెప్పించండి. ఒక పేజీ మీరు తెలుగులో చెప్పండి, అదే పేజీని వచ్చిన తల్లులలో ఒకరిని ఉర్దూలో చెప్పమనండి. పుస్తకాల ఉర్దూ వద్దు, అది మా పిల్లలకు కూడా కొత్తే. ఇంట్లో మాట్లాడే దక్కనీలోనే చెప్పమనండి. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో ఒకే కథ తెలుగులోనూ ఉర్దూలోనూ దొరికే సందర్భాలు ఉన్నాయి, ఉచితంగా దించుకుని అచ్చు వేయించుకోవచ్చు. మొదటి స్థాయి కథలు తీసుకుంటే పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి.

మా పాటలను కూడా పాడనివ్వండి. తన అమ్మ పాటకు గది అంతా చప్పట్లు కొడితే ఆ బిడ్డ మళ్లీ రానని ఏడవదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అమ్మమ్మగారి వరుస ప్రకారమే ఈ ఆదివారం నడుపుతాను. రెండు సంగతులు మిగిలాయి. చంటిపిల్లలు పుస్తకం చేతికిస్తే నోట్లో పెట్టుకుంటున్నారు, గ్రంథాలయం పుస్తకం పాడవుతుందని నాకు భయం. ఇక కథ అయ్యాక నీతి అడగమని కొందరు పెద్దలు పట్టుబడుతున్నారు.

జవాబు (విశ్రాంత గ్రంథాలయాధికారి, అనంతపురం)

అమ్మమ్మగారి అభ్యంతరం న్యాయమైనదే, ఒక్క గదే ఉన్న చోట ఆమె పద్ధతే మేలు.

చంటిపిల్లలు దేనినైనా నోటితోనే పరీక్షిస్తారు. వారికి గట్టి అట్ట పుస్తకాలు కొన్ని విడిగా ఒక బుట్టలో పెట్టండి, కథల వేళ కాగానే తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. నమిలిన మూలలు గల పుస్తకాన్ని చిట్టాలో అరిగిపోయినదిగా రాసుకోవడానికి గ్రంథాలయాధికారి ఒప్పుకుంటారు, ముందే మాట్లాడుకోండి. ఇంటిపన్నుతో పాటు మనమందరం గ్రంథాలయ పన్ను కడుతున్నాము. ఆ పుస్తకాల మీద పాలపళ్ల వారికీ హక్కు ఉంది.

నీతి అడగవద్దు. కథ మధ్యలో బొమ్మ చూపి "ఇదేమిటి?" అని అడిగి, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకుంటూ ఆగండి. పిల్లవాడు "ఆవు" అంటాడు. "అవును, ఎర్ర ఆవు, గడ్డి మేస్తోంది" అని వాడి మాటకు మీరు రెండు మాటలు చేర్చండి, వాడు వాటిని తిరిగి అంటాడు. వైట్‌హర్స్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1988లో ప్రచురించిన పరిశోధనలో ఇలా సంభాషణగా చదివించుకున్న రెండేళ్ల పిల్లల మాటతీరు మామూలుగా చదివించుకున్న వారికంటే మెరుగుపడినట్లు తేలింది. పెద్దలు నీతి కావాలని మరీ పట్టుబడితే, ఆ కథలో ఎవరు ఎందుకు ఏడ్చారో పిల్లలను అడగనివ్వండి, అంతవరకే. ఎండాకాలంలో మాత్రం తొమ్మిది దాటకముందే ముగించండి, ఆ తర్వాత మన కడప ఎండకు ఒడిలో బిడ్డ నిలవదు.