అప్‌డేట్: బీరువా నిండా బట్టలున్నా ఆఫీసుకి ఏమీ లేవన్న గోల తీరింది

ఇన్ని చీరలున్నా ఆఫీసుకి ఏం కట్టుకోవాలో తెలియట్లేదు, ఏం చేయమంటారని జూన్‌లో అమలాపురం నుంచి అడిగింది నేనేనండీ. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

హ్యాంగర్లన్నీ వెనక్కి తిప్పి పెట్టి, వాడిన బట్టల హ్యాంగర్లనే మళ్లీ సరిగ్గా తిప్పమన్నారు చూడండి, అదే పనిచేసింది. 3 నెలల్లో అలా తిరిగినవి, అంటే నేను వాడినవి, 14! మిగతావి ఎందుకు కట్టట్లేదా అని చూస్తే తప్పు చీరలది కాదు, జాకెట్లు బిగుతు. మా టైలరమ్మ లోపలి కుట్లు విప్పి 6 వదులు చేసింది (ఒళ్లు చేశానని ఓ మాట కూడా అంది). కొత్తగా కుట్టించిన జాకెట్లు నలుపు, మెరూన్ అంతే. మా దగ్గరి ఊరు బండారులంక నేత చీరలు ఎనిమిదీ ఈ రెంటితోనే నడుస్తున్నాయి.

మూణ్ణెల్లు 33 బట్టలతోనే సరిపెట్టుకోమన్న లెక్క నాకు అక్కర్లేకపోయింది. అన్నీ లేత రంగులే కొనమన్న సలహా కూడా అంతే, వానాకాలం మా వీధి బురదకి అవి ఆగవు. అమ్మ పట్టుచీరల జోలికి మాత్రం నేను పోలేదు.