నీళ్ళు 60 డిగ్రీల దగ్గర నిలవట్లేదు: పీ పెడితే తక్కువ, పీఐ పెడితే ఎక్కువ

త్రిపుల్‌ఈ_మూడో_ఏడు:

అందరికీ నమస్తే. కంట్రోల్ సిస్టమ్స్ ల్యాబ్ ప్రాజెక్టు. మూత ఉన్న స్టీల్ గిన్నెలో 10 లీటర్ల నీళ్ళు, 1500 వాట్ల ఇమ్మర్షన్ హీటర్, నీళ్ళు కలపడానికి చిన్న పంపు. స్టీల్ గొట్టంలో దించిన రెండు వైర్ల పీటీ100 (వేడిని బట్టి ఓమ్‌లు మారే సెన్సర్), దాన్ని చదివే మాక్స్ 31865 బోర్డు, ఆర్డుయినో ఊనో (కోడ్ నడిపే చిన్న బోర్డు), హీటర్‌ని ఆన్-ఆఫ్ చేసే 25 ఆంపియర్ల జీరో క్రాసింగ్ ఎస్ఎస్ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే). అవుట్‌పుట్ 0 నుంచి 100 శాతం, దాన్ని 2 సెకన్ల విండోలో ఆన్-ఆఫ్‌గా మారుస్తున్నాం. లూప్ 100 మిల్లీసెకన్లకోసారి నడుస్తుంది. గది 30 డిగ్రీలు, సెట్‌పాయింట్ (మాకు కావాల్సిన వేడి) 60. కంట్రోలర్ పీఐడీ: ఎర్రర్ అంటే సెట్‌పాయింట్‌కి, రీడింగ్‌కి తేడా; కేపీ ఆ తేడాని, కేఐ అది కాలంతో పోగైన మొత్తాన్ని (ఇంటిగ్రల్), కేడీ అది మారే వేగాన్ని (డెరివేటివ్) గుణించే గెయిన్లు.

కేపీ 5 పెడితే 56.5 దగ్గర ఆగిపోతోంది, గంట ఉంచినా కదలదు. 10 పెడితే 58.1. సరే అని 80 పెడితే 60కి దగ్గరగా వెళ్ళింది గానీ ఊగుతోంది, ఒక్కో ఊపుకు 4 నిమిషాలు.

కేపీ 10కి కేఐ 0.2 కలిపితే 64 దాటిపోయింది, దిగడానికి చాలాసేపు పట్టింది, తర్వాత 59కి జారి మళ్ళీ ఎక్కుతోంది. కేడీ ఏదైనా వేస్తే ఎస్ఎస్ఆర్ లైటు పూనకం వచ్చినట్టు కొట్టుకుంటోంది.

ఇంకో విచిత్రం. కంట్రోలర్ తీసేసి 20 శాతం స్థిరంగా ఇచ్చి మధ్యాహ్నమంతా వదిలేస్తే సరిగ్గా 60 దగ్గర నిలిచింది. మరి ఫీడ్‌బ్యాక్ (రీడింగ్ చూసి అవుట్‌పుట్ మార్చడం) దేనికి?

లూప్_చెక్:

మీ చివరి ప్రశ్నలోనే మొదటిదానికి జవాబుంది. 60 దగ్గర నిలవడానికి 20 శాతం, అంటే 300 వాట్లు కావాలి. గదికన్నా 30 డిగ్రీలు ఎక్కువ కాబట్టి ఆ గిన్నె డిగ్రీకి 10 వాట్ల చొప్పున వేడి పోగొట్టుకుంటోంది. ఇప్పుడు పీ కంట్రోలర్‌ని చూడండి: అవుట్‌పుట్ = కేపీ × ఎర్రర్. ఎర్రర్ సున్నా అయితే అవుట్‌పుట్ సున్నా. 300 వాట్లు కావాల్సిన చోట సున్నా ఇచ్చి నిలబెట్టడం కుదరదు. అందుకే ఆ వాట్లు పుట్టేంత ఎర్రర్‌ని తన దగ్గర ఉంచుకుంటుంది.

కేపీ 5 అంటే డిగ్రీ ఎర్రర్‌కి 5 శాతం, 75 వాట్లు. ఎర్రర్ ఇ అనుకుంటే వచ్చేది 75ఇ, పోయేది 10 × (30 − ఇ). రెండూ సమానం చేస్తే ఇ = 300/85 = 3.53. అందుకే 56.5. కేపీ 10కి 300/160 = 1.88, అందుకే 58.1. కొలతలు బాగా తీశారు, లెక్కకి అచ్చంగా సరిపోయాయి.

దీన్నే పుస్తకంలో టైప్ 0 సిస్టమ్ (ఇంటిగ్రల్ లేనిది), స్టెప్ ఇన్‌పుట్ (ఒక్కసారిగా మారే సెట్‌పాయింట్), ఎర్రర్ = 1/(1 + కేపీ) అని బట్టీ పట్టిస్తారు. అక్కడి కేపీ పొజిషన్ ఎర్రర్ కాన్‌స్టంట్, మీ కోడ్‌లోని కేపీ వేరు. రెంటికీ ఒకే గుర్తు పెట్టి పిల్లల్ని తికమక పెట్టడం మామూలే. మీ గిన్నె గెయిన్ శాతానికి 1.5 డిగ్రీలు, కంట్రోలర్‌ది 5, లబ్ధం 7.5. 30 డిగ్రీల స్టెప్‌ని 8.5తో భాగిస్తే మళ్ళీ అదే 3.53.

ఇక ఫీడ్‌బ్యాక్ దేనికంటారా, గది 22కి పడనివ్వండి. 20 శాతం స్థిరంగా ఇచ్చిన గిన్నె కూడా 8 డిగ్రీలు పడి 52 దగ్గర కూర్చుంటుంది. అదే కేపీ 5తో అయితే 56.5 కాస్తా 55.5 అవుతుంది, 8 డిగ్రీల దెబ్బ 0.94కి తగ్గింది. ఓపెన్ లూప్ (ఫీడ్‌బ్యాక్ లేకుండా నడపడం) మీకు పనిచేసింది ఆ మధ్యాహ్నం గది మారలేదు కాబట్టి, మూత ఎవరూ తీయలేదు కాబట్టి. పైగా ఆ గిన్నె టైమ్ కాన్‌స్టంట్ (మార్పులో దాదాపు మూడింట రెండొంతులు జరగడానికి పట్టే కాలం) 41,860 (10 లీటర్లని ఒక డిగ్రీ పెంచే జౌళ్ళు) ÷ 10, అంటే దాదాపు 70 నిమిషాలు. ఓపెన్ లూప్‌లో స్థిరపడటానికి నాలుగు గంటలకు పైగా పడుతుంది. కేపీ 5తో అది 8 నిమిషాలకు దిగుతుంది.

ఒక పక్కమాట: ఆఫ్‌సెట్ (ఇలా మిగిలిపోయే ఎర్రర్) ఎప్పుడూ లోపమే అనుకోవద్దు. పవర్ ప్లాంట్ గవర్నర్లకు (టర్బైన్ వేగాన్ని అదుపు చేసేవి) కావాలనే 3 నుంచి 6 శాతం డ్రూప్ (లోడ్‌తో వేగాన్ని కాస్త పడనివ్వడం) ఉంచుతారు. లోడ్ పెరిగి ఫ్రీక్వెన్సీ 50 నుంచి కొంచెం పడితే ప్రతి యంత్రమూ తన వంతు మోస్తుంది. ప్రతి గవర్నర్‌లోనూ ఇంటిగ్రల్ పెడితే తలా ఒక 50 హెర్ట్జ్ కోసం ఒకదానితో ఒకటి కుస్తీ పడతాయి.

విండప్:

పై లెక్కకి కలపడానికేమీ లేదు, ఇంటిగ్రల్ సంగతికి వస్తాను.

30 నుంచి 60కి చేరడానికి ఫుల్ పవర్ మీద పావుగంట పడుతుంది. మొదట్లో ఎర్రర్ 30, కేఐ 0.2, అంటే ఇంటిగ్రల్ సెకనుకు 6 శాతం చొప్పున పోగవుతుంది. 17 సెకన్లలో 100కి చేరి మిగతా పావుగంటా అక్కడే కూర్చుంటుంది. నీళ్ళు 60కి వచ్చేసరికి ఎర్రర్ సున్నా, పీ సున్నా, ఐ మాత్రం 100. హీటర్ ఇంకా ఫుల్‌గా మండుతూనే ఉంటుంది! లైబ్రరీల్లో ఇంటిగ్రల్‌ని 0-100కి బిగించే ఏర్పాటు ఉంటుంది గానీ అది చాలదు, ఎందుకంటే ఒక్క ఐ 100 దాకా వెళ్ళడానికి ఒప్పుకుంటోంది.

పైకి వెళ్ళాక దిగడం మీ చేతిలో లేదు. హీటర్ వేడి చేయగలదు, చల్లార్చలేదు. 300 వాట్ల నష్టంతో 10 లీటర్లు నిమిషానికి 0.43 డిగ్రీలే దిగుతాయి, 64.5 నుంచి రావడానికి 10 నిమిషాలు. ఆలోగా ఐ సున్నాకి కరిగిపోతుంది, మళ్ళీ 60 దాటి కిందికి పడితే గానీ లేవదు. మీ 59 అదే.

మందు: అవుట్‌పుట్ 100 దగ్గర గానీ 0 దగ్గర గానీ ఇరుక్కుని ఉండగా, ఎర్రర్ దాన్ని అటే ఇంకా తోస్తుంటే ఆ శాంపిల్‌కి ఇంటిగ్రేషన్ ఆపండి. కోడ్‌లో ఒక్క ఇఫ్.

ఇప్పుడు గెయిన్లు. అంకెలు ఊహించకుండా స్టెప్ టెస్ట్ చేయండి. మాన్యువల్‌లో 20 శాతం మీద 60 దగ్గర నిలిచాక 30 శాతానికి పెంచి, 10 సెకన్లకోసారి రీడింగ్ రాసుకోండి. మొదట కాసేపు ఏమీ కదలదు, అది డెడ్ టైమ్. కేపీ 80 దగ్గర ఊపు 4 నిమిషాలన్నారు, ఇలాంటి నిదాన ప్రాసెస్‌లో అది డెడ్ టైమ్‌కి నాలుగింతలుంటుంది, కాబట్టి 60 సెకన్లు రావాలి. తర్వాత గీత నిమిషానికి 0.21 డిగ్రీ చొప్పున ఎక్కాలి. 70 నిమిషాల టైమ్ కాన్‌స్టంట్ కోసం కాచుకోనక్కర్లేదు, ఈ వాలు చాలు.

0.21ని నిమిషానికి 60 సెకన్లతో, పెంచిన 10 శాతంతో భాగిస్తే 0.00035. స్కోగెస్టాడ్ అనే ఆయన ట్యూనింగ్ పద్ధతిలో కేపీ = 1 ÷ (0.00035 × (టౌ + డెడ్ టైమ్)). టౌ అంటే మీకు కావాల్సిన వేగం. డెడ్ టైమ్‌కి మూడింతలు, 180 సెకన్లు తీసుకుందాం. కేపీ = 1 ÷ (0.00035 × 240) = 12. టీఐ (ఇంటిగ్రల్ టైమ్, కేపీ ÷ కేఐ) = 4 × 240 = 960 సెకన్లు. మీ కోడ్‌లో కేఐ కాబట్టి 12 ÷ 960 = 0.0125. మీరు పెట్టిన 0.2 దీనికి 16 రెట్లు.

జీగ్లర్, నికోల్స్ 1942లో ఇచ్చిన టేబుల్ పట్టుకుంటే పీఐడీకి కేపీ 57, టీఐ 120 సెకన్లు వస్తుంది. పరీక్షలో రాయండి, గిన్నెకి వద్దు. అది ఊగి ఊగి ఆగే ట్యూనింగ్, చల్లార్చడం చేతకాని హీటర్‌కి ఆ ఊపులు చాలా ఖరీదు.

కేడీ సంగతి: మాక్స్ 31865 చివరి బిట్ విలువ 0.03 డిగ్రీ. 100 మిల్లీసెకన్లలో ఒక్క బిట్ ఆడినా డెరివేటివ్‌కి సెకనుకు 0.3 డిగ్రీ కనిపిస్తుంది. కేడీ 180 అయితే అవుట్‌పుట్ 54 శాతం ఎగురుతుంది. పూనకం అదే. నీళ్ళు నిమిషాల మీద కదిలే వస్తువు, శాంపిల్ 2 సెకన్లు చేయండి, విండోతో కూడా సరిపోతుంది. అసలు ఈ గిన్నెకి డీ అవసరం లేదు, పీఐ చాలు.

టెర్మినల్_బ్లాక్:

ట్యూనింగ్ కన్నా ముందు ఒక మాట. పీటీ100 రెండు వైర్లది అన్నారు. వైరు పొడవెంత? 0.25 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి మీటరుకు 0.069 ఓమ్. 4 మీటర్లు పోయి 4 మీటర్లు వస్తే 0.55 ఓమ్. పీటీ100 డిగ్రీకి 0.385 ఓమ్ మారుతుంది. అంటే రీడింగ్ 1.4 డిగ్రీ ఎక్కువ చూపిస్తుంది. డిస్‌ప్లే 60 అన్నప్పుడు నీళ్ళు 58.6. ఫీడ్‌బ్యాక్ లోడ్ మారినా, గది మారినా సర్దుకుంటుంది గానీ సెన్సర్ తప్పుని మాత్రం సర్దలేదు. కంట్రోలర్‌కి తెలిసిన లోకమంతా ఆ ఒక్క రీడింగే. మూడు వైర్ల పీటీ100 తెచ్చి బోర్డు మీద జంపర్లు 3 వైర్‌కి మార్చండి.

రెండోది భద్రత. ఎస్ఎస్ఆర్ పాడైతే ఎక్కువగా షార్ట్ అయిపోతుంది, అంటే హీటర్ ఫుల్‌గా ఆన్‌లోనే ఉంటుంది, ఆర్డుయినో ఎంత అరిచినా వినదు. 80 డిగ్రీలకు తెగే విడి థర్మోస్టాట్‌తో ఒక కాంటాక్టర్‌ని (పెద్ద కరెంటుని తెంచే రిలే) నడిపి హీటర్ లైన్‌లో పెట్టండి. గిన్నెకి ఎర్త్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెగే బ్రేకర్) తప్పనిసరి. హీటర్ 6.5 ఆంపియర్లు తీసుకుంటుంది, ఎస్ఎస్ఆర్‌లో 8, 9 వాట్ల వేడి పుడుతుంది. హీట్ సింక్ లేకుండా బల్ల మీద పెట్టొద్దు.

పల్స్_రాజు:

మధ్యలో దూరుతున్నా, 2 సెకన్ల విండో ఎందుకు? ఆర్డుయినో అనలాగ్‌రైట్‌తో నేరుగా పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్-ఆఫ్ అయ్యే పల్సులు) ఇస్తే అయిపోదా?

టెర్మినల్_బ్లాక్:

కాదు. ఊనోలో చాలా పిన్ల మీద అది 490 హెర్ట్జ్. జీరో క్రాసింగ్ ఎస్ఎస్ఆర్ మెయిన్స్ వోల్టేజ్ సున్నా దాటేటప్పుడు మాత్రమే ఆన్ అవుతుంది, అయ్యాక ఆ అర సైకిల్, 10 మిల్లీసెకన్లు, వదలదు. ఆ క్షణంలో మీ పల్స్ హై ఉందా లో ఉందా అన్నది లాటరీ. 30 శాతం అడిగితే 30 శాతమే వస్తుందన్న నమ్మకం లేదు. 2 సెకన్ల విండోలో 200 అర సైకిళ్ళు పడతాయి, అర శాతం మెట్లతో సాఫీగా వస్తుంది.

త్రిపుల్‌ఈ_మూడో_ఏడు:

వైరు 4 మీటర్లే! థర్మామీటర్ పెట్టి చూస్తే డిస్‌ప్లే 60కి నీళ్ళు 58.5. మూడు వైర్లది పెట్టాక రెండూ కలిశాయి. డెడ్ టైమ్ 55 సెకన్లు వచ్చింది. కేపీ 12, కేఐ 0.0125, అవుట్‌పుట్ ఇరుక్కున్నప్పుడు ఇంటిగ్రేషన్ ఆపు, శాంపిల్ 2 సెకన్లు. 25 నిమిషాల్లో 60కి వచ్చింది, 60.4 దాకా వెళ్ళి దిగింది. కటౌట్ కాంటాక్టర్ రేపు బిగిస్తాం. ఒకటే సందేహం: పంపు ఆపితే మళ్ళీ ఊగడం మొదలైంది?

విండప్:

పంపు ఆపితే వేడి నీళ్ళు పైన, చల్లనివి అడుగున ఉండిపోతాయి. హీటర్ వేడి సెన్సర్ దాకా రావడానికి 60 సెకన్లు కాదు, మూడు నాలుగు నిమిషాలైనా పట్టొచ్చు. పైగా కదలని నీళ్ళలో ఆ గొట్టం కూడా నిదానంగా వేడెక్కుతుంది. డెడ్ టైమ్ పెరిగితే అవే గెయిన్లు ఎక్కువైపోతాయి, లూప్ ఊగుతుంది. ట్యూనింగ్ ముట్టుకోకండి. పంపు నడుస్తుంటేనే హీటర్ ఆన్ అయ్యేలా పంపు రిలే కాంటాక్ట్‌ని ఇంటర్‌లాక్‌గా పెట్టండి, ఆ కాంటాక్టర్ కాయిల్‌కి సిరీస్‌లో.