చలివేంద్రానికి పాకిస్తానీ శర్బత్‌లు: ఎవరింట్లో ఏది తయారు చేయాలి?

పానీయాల బాధ్యురాలు:
సభ్యులందరికీ నమస్కారం. జూన్ చివరి ఆదివారం సాయంత్రం దుబాయ్ అల్ కూజ్ కార్మిక వసతి గృహాల దగ్గర మనం పెట్టబోయే చలివేంద్రానికి అనుమతుల సంగతి కార్యవర్గం చూసుకుంటోంది కనుక, ఇక్కడ పానీయాల గురించి మాత్రమే మాట్లాడుకుందాం. అక్కడ జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల మనవాళ్లతో పాటు పాకిస్తాన్‌లోని పంజాబ్, సింధ్, పెషావర్ వైపు నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉన్నా, మిగిలిన వేళల్లో కారే చెమట తక్కువేమీ కాదు. మొహర్రం రోజుల్లో లాహోర్, కరాచీ వీధుల్లో సబీల్ పెట్టి దారిన పోయేవారికి నీళ్లు, శర్బత్ ఉచితంగా పోస్తారు కాబట్టి మన చలివేంద్రం వాళ్లకు కొత్తగా అనిపించదు. అందులో దొరికేది కూడా వాళ్లకు తెలిసిన రుచే అయితే బాగుంటుందని నా అభిప్రాయం.

కప్పుకు 200 మిల్లీలీటర్ల చొప్పున 400 కప్పులంటే 80 లీటర్లు కావాలి. ఇందులో సగం ఇమ్లీ ఆలూబుఖారా శర్బత్, అంటే చింతపండు, ఎండు ప్లమ్ పండ్లతో చేసేది పెడదాం. చింతపండు పులుపు మనవాళ్లకూ నచ్చుతుంది; పైగా ముందురోజే చిక్కగా కాచి ఉంచుకుని, అక్కడ నీళ్లు కలపవచ్చు. అర కిలో చింతపండు, అర కిలో ఎండు ఆలూబుఖారా పండ్లు కడిగి, మూడున్నర లీటర్ల మంచినీటిలో రాత్రంతా నానబెట్టాలి. నల్లగా, తియ్యగా ఉండే ప్రూన్స్ కొనవద్దు. పాకిస్తానీ కిరాణా దుకాణాల్లో గింజతో సహా అమ్మే పుల్లని పండ్లే కావాలి. తెల్లవారేసరికి పండ్ల తోలు ఉబ్బి, వేలితో నొక్కితే గింజ జారి వస్తుంది. అదే నీటితో పావుగంట ఉడికించి, చల్లారాక చేత్తో పిసికి, రెండుసార్లు వడకట్టాలి. ఆ రసంలో 2 కిలోల పంచదార వేసి, గరిటెకు పల్చగా అంటుకునేదాకా కాచి, దించాక వేయించిన జీలకర్ర పొడి, మిరియాల పొడి, నల్ల ఉప్పు కలపాలి. స్టీలు గిన్నె తప్పనిసరి; అల్యూమినియం గిన్నెలో పులుపు కాయవద్దు. ఇలా సుమారు 4 లీటర్లు వస్తుంది. ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు కలిపితే 20 లీటర్లవుతుంది కనుక రెండు ఇళ్లవారు చేస్తే సరిపోతుంది.

మరో 20 లీటర్లు సత్తు, అంటే వేయించిన గింజల పిండి కలిపిన పానీయం. మన దుకాణాల్లో సత్తు అని అడిగితే ఎక్కువగా శనగ సత్తు ఇస్తారు. పాకిస్తాన్ పంజాబ్‌లో వేసవిలో తాగేది వేయించిన బార్లీ పిండితో చేసేది కాబట్టి, జౌ సత్తు అని గట్టిగా చెప్పి తీసుకోవాలి. రెండు కిలోల పిండికి కిలోన్నర బెల్లం పొడి చాలు. పిండిని ముందు కొద్ది నీళ్లతో ముద్దగా కలుపుకోకపోతే ఉండలు కడుతుంది; కలిపాక అడుగుకు దిగిపోతుంది కనుక అక్కడికక్కడే కలిపి, తిప్పుతూ పోయాలి.

చివరి 20 లీటర్లు పంచదార లేని నమ్కీన్ లస్సీ. మధుమేహం ఉన్నవారికి ఇదొక్కటే దారి. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు వద్దు. బకాలాలో (ఇక్కడి చిన్న కిరాణా కొట్టు) దొరికే లబన్ (చిక్కటి మజ్జిగ) సీసాలు 10 లీటర్లు కొని, అంతే చల్లని నీరు, ఉప్పు, జీలకర్ర, పుదీనా కలిపితే సరి.

అజ్మాన్ సభ్యురాలు:
అక్కగారూ, మా పక్కింటి సింధీ ఆవిడ చేసే ఠాదల్ ఎందుకు వదిలేశారు? బాదం, పుచ్చగింజల పప్పు, సోంపు, యాలకులు, మిరియాలు, గసగసాలు నూరి తీసిన పాలు అవి. 2010 మే 26న మొహెంజొదారోలో 53.5 డిగ్రీలు నమోదైన నేల కదా వాళ్లది; ఎండకు విరుగుడు వాళ్లకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? గసగసాలు ఇక్కడ దొరకవు కాబట్టి, వచ్చే వారం ఊరి నుంచి వస్తున్న మా తమ్ముడితో అర కిలో తెప్పిస్తాను.

పానీయాల బాధ్యురాలు:
చెల్లీ, ఆ పని మాత్రం దయచేసి చేయవద్దు. యూఏఈలో గసగసాలు నిషిద్ధం. కూరలోకే తెచ్చామన్నా విమానాశ్రయంలో చెల్లదు. తమ్ముడికి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. గసగసాలు లేకుండా కూడా ఠాదల్ చేయవచ్చు గాని, నూరి పిండడమే పెద్ద పని. లాహోర్ కుస్తీ అఖాడాల్లో పహిల్వాన్లు తాగే సర్దాయి కూడా ఈ కోవదే, దాన్నీ కూండీలో (నూరే గిన్నె) డండాతో (కర్ర) నూరుతూనే ఉంటారు. పైగా బాదం పడనివారు ఎవరో వరుసలో అడిగి తెలుసుకోలేం. అందుకే వదిలేశాను.

యువజన విభాగం సభ్యుడు:
పాలలో సోడా కలిపే దూద్ సోడా పిల్లలకు కూడా నచ్చుతుందని నా సూచన. శర్బత్‌లో గోంద్ కతీరా వేయాలని కూడా ఉంది. మా ఇంట్లో లడ్డూల కోసం తెచ్చిన గోంద్ ఉంది, అది వాడవచ్చా?

పానీయాల బాధ్యురాలు:
తమ్ముడూ, ఆ ఎండలో రెండు గంటల సేపు పాలను కాపాడటం మన వల్ల కాదు, దూద్ సోడా ఇంట్లో చేసుకుని తాగండి. లడ్డూల్లో వేసేది తుమ్మ బంక, అది నీటిలో కరిగిపోతుంది. గోంద్ కతీరా అంటే మనం బాదం బంక అనేది. చెంచాడు పలుకులు గిన్నెడు నీటిలో రాత్రి వేస్తే, పొద్దున్నకు గిన్నె నిండా తెల్లని ముద్దలా ఉబ్బుతుంది. నానబెట్టినది కప్పుకు చిన్న చెంచా చాలు. సరిగ్గా నానని పలుకు ఒక్కటి కూడా కప్పులోకి వెళ్లకూడదు. మీరు బాదం బంక, సబ్జా గింజలు తెండి.

షార్జా సభ్యుడు:
ఇమ్లీ శర్బత్ ఒక వాయి మా ఇంట్లో కాస్తాం. మంచు ఎవరు తెస్తున్నారు? కిందటేడు గడ్డలు నేరుగా శర్బత్‌లో వేయడంతో చివరి వరుసకు అంతా నీళ్లే మిగిలాయి.

పానీయాల బాధ్యురాలు:
ధన్యవాదాలు అన్నగారూ. ఈసారి సంచుల మంచును టబ్బుల్లో పోసి, క్యాన్లను అందులో నిలబెడదాం. కలిపే నీళ్లు కూడా ముందే చల్లబడి ఉండాలి. రెండో వాయి ఇమ్లీ శర్బత్ నేను కాస్తాను. అజ్మాన్ చెల్లి సత్తు, బెల్లం పొడి తెస్తే, లబన్ కొనే బాధ్యత ఎవరైనా ఇద్దరు తీసుకోవాలి. 20 లీటర్ల స్టీలు క్యాన్లు రెండు మా ఇంట్లో ఉన్నాయి, ఇంకా రెండు కావాలి. ఉన్నవారు శనివారం రాత్రిలోగా ఇక్కడే తెలియజేయగలరు.