తొమ్మిదో తరగతికి వెబ్‌పేజీలు: నోట్‌ప్యాడ్‌తో మొదలుపెట్టాలా, బిల్డర్‌తోనా?

బీ క్యాంపు, కర్నూలు

హైస్కూల్, తొమ్మిదో తరగతి, 36 మంది. ల్యాబ్‌లో నడిచే సిస్టమ్‌లు 12, అన్నీ విండోస్ 7. నెట్ హెడ్మాస్టర్ గదిలో ఒక్క సిస్టమ్‌కే ఉంది. వారానికి రెండు పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు, సంక్రాంతి సెలవుల దాకా. ముగ్గురేసి జట్టుగా తమ ఊరి మీద మూడు పేజీల సైటు చేయాలి. వెబ్‌పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌ను చేత్తో రాయించాలని కొందరు అంటున్నారు. ఈ కాలంలో ఆ తిప్పలెందుకు, లాగి వదిలే బిల్డర్‌లో చేయిస్తే నాలుగు రోజుల్లో సైటు కళ్ల ముందుంటుందని ఇంకొందరు. మీరేమంటారు? రెండూ మంచివే అని మాత్రం అనద్దండి.

ఎర్రముక్కపల్లి, కడప

నా ఓటు బిల్డర్‌కే. పిల్లలు వచ్చి కూర్చుని, ఆ పాత సిస్టమ్‌లు ఆన్ అయ్యేసరికే పది నిమిషాలు పోతాయి. మిగిలిన టైంలో ముగ్గురిలో ఒక్కరు టైప్ చేస్తారు, అదీ ఒంటి వేలితో. యాంగిల్ బ్రాకెట్ (<) యాడుందో వెతుక్కునేకే పీరియడ్ సరిపోతుంది. వారం తర్వాత చూపించేకి తెల్ల పేజీ మీద నాలుగు నల్ల లైన్లు ఉంటాయి. అంతటితో ఆసక్తి చచ్చిపోతుంది. బిల్డర్‌లో అయితే ఏ ఫొటో పైన పెట్టాలి, చదివేవాళ్లకు మొదట ఏం కావాలి అనే ఆలోచన మొదటి రోజే మొదలవుతుంది. చిన్న వ్యాపారాల సైట్లు చాలావరకు వర్డ్‌ప్రెస్ లాంటి వాటితోనే నడుస్తున్నాయి కదా.

గుత్తికోట, అనంతపురం

అన్నా, ప్రశ్న మళ్లీ ఒకసారి చదవండి. ల్యాబ్‌లో నెట్ లేదు. బిల్డర్ నడిచేదే నెట్ మీద. హెడ్మాస్టర్ గదిలో 36 మందిని క్యూ కట్టిస్తారా?

నెట్ వచ్చినా అకౌంట్ల గొడవ తీరదు. ఒక్కొక్కరికీ ఈమెయిల్, ఓటీపీ, ఫోన్ నంబరు కావాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. పోనీ అందరికీ ఒకే లాగిన్ ఇస్తే ఒక జట్టు సేవ్ చేసింది ఇంకో జట్టు చెరిపేస్తుంది.

టైపింగ్ సంగతి. మొదటి పేజీకి కావాల్సింది ఎనిమిది ట్యాగులు (యాంగిల్ బ్రాకెట్ల మధ్య రాసే గుర్తులు): హెచ్‌టీఎంఎల్, హెడ్, టైటిల్, బాడీ, హెచ్1, పీ, ఫొటో కోసం ఐఎంజీ, లింక్ కోసం ఏ (a). రెండో వారం లిస్టు, మూడో వారం టేబుల్. ముగ్గురిలో ఒకరు టైప్ చేస్తే ఒకరు కాగితం చూసి చదవాలి, ఇంకొకరు ఐఎంజీకి తప్ప తెరిచిన ప్రతి ట్యాగుకూ మూత పడిందా అని చూడాలి. పది నిమిషాలకోసారి సీటు మారాలి. ఇట్లా చేస్తే ఒంటి వేలితో కూడా రెండు పీరియడ్లలో పేజీ లేస్తుంది.

ఓర్వకల్లు రాళ్లు

నేనూ చేత్తో రాయించే పక్షమే. కానీ "నోట్‌ప్యాడ్ తెరిచి రాయండి" అని వదిలేస్తే మొదటి పీరియడ్‌లోనే సగం జట్లు ఆగిపోతాయి. ఆగేది ట్యాగుల దగ్గర కాదు, ఫైళ్ల దగ్గర.

ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అని పేరిచ్చి సేవ్ చేస్తారు. నోట్‌ప్యాడ్ దాని వెనక డాట్ టీఎక్స్‌టీ తగిలిస్తుంది. విండోస్ ఆ తోకను దాచిపెడుతుంది కాబట్టి పేరు సరిగ్గానే కనిపిస్తుంది, డబుల్ క్లిక్ చేస్తే మాత్రం మళ్లీ నోట్‌ప్యాడే తెరుచుకుంటుంది. అందుకే క్లాసుకు ముందే 12 సిస్టమ్‌లలో ఫోల్డర్ ఆప్షన్స్‌లోకి పోయి, వ్యూ ట్యాబ్‌లో ఎక్స్‌టెన్షన్లు దాచే టిక్ తీసేయండి. సేవ్ చేసేటప్పుడు ఫైల్ రకం దగ్గర ఆల్ ఫైల్స్ పెట్టించండి.

అదే డబ్బాలో కింద ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) ఉంటుంది. విండోస్ 7 నోట్‌ప్యాడ్‌లో అది మామూలుగా ఏఎన్ఎస్ఐ, అందులో తెలుగు పట్టదు. తెలుగు రాసి అట్లాగే సేవ్ చేస్తే ఒక హెచ్చరిక వస్తుంది, పిల్లలు చదవకుండా ఓకే కొడతారు. మళ్లీ తెరిస్తే తెలుగు ఉన్నచోటల్లా ప్రశ్న గుర్తులే. ఇది కనిపించే తేడా మాత్రమే అనుకోవద్దు, రాసిందంతా పోయినట్టే. యూటీఎఫ్-8 పెట్టాలి, హెడ్‌లో మొదటి లైనుగా <meta charset="utf-8"> అని రాయించాలి. ఆ లైను ఫైలు మొదటి 1024 బైట్లలోపే ఉండాలి. వీలైతే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ వేసుకోండి. ట్యాగులకు రంగులు వస్తాయి, తప్పు కంటికి ఆనుతుంది. విండోస్ 7లో నడిచే వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే చాలు.

ఇక పిల్లలు ఎక్కువగా బెదిరిపోయే తప్పు ఒకటుంది. టైటిల్ ట్యాగు మూయడం మరిచిపోతే పేజీ మొత్తం ఖాళీగా వస్తుంది. ఎందుకంటే కింద రాసిందంతా టైటిల్‌లో భాగమే అని బ్రౌజర్ మింగేస్తుంది. "సార్, మొత్తం పోయింది" అంటారు. ఏమీ పోలేదు, పైన ట్యాబ్ మీద మౌస్ పెడితే వాళ్ల పాఠం మొదలు అక్కడ కనిపిస్తుంది. లింకు ట్యాగు మూయకపోతే అక్కడి నుంచి కిందదాకా నీలం రంగు, అండర్‌లైన్. ఈ రెండూ మొదటి పీరియడ్‌లో మీరే కావాలని చేసి చూపించండి. ఆ తర్వాత భయపడరు, వెతుకుతారు. బిల్డర్ ఈ అవకాశం ఎప్పటికీ ఇవ్వదు.

ఎర్రముక్కపల్లి, కడప

నెట్ సంగతి ఒప్పుకుంటా. కానీ చేత్తో రాయించడం పేరుతో బడుల్లో జరిగేదేంది? పాత పుస్తకంలోని ఫాంట్, సెంటర్, మార్క్యూ ట్యాగులు బోర్డు మీద రాసి దింపుకొమ్మంటారు. పరీక్షలో "హెచ్‌టీఎంఎల్ పూర్తి రూపం రాయుము" అని రెండు మార్కులు. ఫాంట్, సెంటర్ ట్యాగులు 2014లో వచ్చిన హెచ్‌టీఎంఎల్5 ప్రమాణంలో చెల్లవు. ఇదేనా పునాది?

గుత్తికోట, అనంతపురం

ఈ మాటకు ఎదురు లేదన్నా. ఫాంట్ ట్యాగు నేర్పడం కంటే ఏమీ నేర్పకపోవడం నయం. (అక్షరాలను పక్కకు జరిపే మార్క్యూ ఇప్పటికీ బ్రౌజర్లలో పరిగెత్తుతుంది. పిల్లలు ఎట్లాగూ కనుక్కుంటారు, ఒకరోజు ఆడుకోనీయండి.) రంగులు, సైజులు, ఖాళీలు అన్నీ పేజీ రూపం చెప్పే భాష సీఎస్ఎస్‌లోనే రావాలి. అదీ మూడో వారం తర్వాత, వేరే ఫైలులో, మూడు పేజీలకూ ఒకే ఫైలు. అక్కడ రంగు ఒక్కసారి మారిస్తే మూడు పేజీలూ మారతాయి. ఎందుకు వేరే ఫైలో ఇక చెప్పే పనే ఉండదు.

సీఎస్ఎస్‌లో సెమీకోలన్ మరిస్తే ఆ లైనూ, దాని కింద లైనూ రెండూ పనిచేయవు. పిల్లలు కింద లైనులో తప్పు వెతుకుతుంటారు. పైన చూడమని చెప్పండి. ఇంకొకటి, విండోస్ 7కు వచ్చిన చివరి క్రోమ్ 109. పేజీలో భాగాలను అమర్చే ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్ బాగా పనిచేస్తాయి. ఒక రూలు లోపల ఇంకో రూలు రాసే నెస్టింగ్ మాత్రం 112 నుంచి వచ్చింది. కొత్త వీడియోలు చూసి అది రాయిస్తే ల్యాబ్‌లో కదలదు.

తెలుగు పేజీకి లైన్ హైట్ 1.7 దాకా పెట్టించండి. మామూలుగా వదిలేస్తే పై లైను ఒత్తులు కింద లైను గుడులకు తగులుతాయి. హెచ్‌టీఎంఎల్ ట్యాగులో భాష "టీఈ" అని రాయిస్తే ఇది తెలుగు పేజీ అని బ్రౌజర్‌కూ, స్క్రీన్ రీడర్‌కూ తెలుస్తుంది.

జమ్మలమడుగు

తెలుగు టైపింగ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఆన్‌లో మరిచిపోయి యాంగిల్ బ్రాకెట్ కొడితే "ష" పడుతుంది. ట్యాగులన్నీ ముందు ఇంగ్లీషు కీబోర్డులో కొట్టి, మధ్యలో ఖాళీలు వదిలి, తర్వాత కీబోర్డు మార్చి తెలుగు నింపాలి. ఒక్కో లైనుకు అటూ ఇటూ మార్చుకుంటూ పోతే తెల్లారుతుంది.

డీటీపీ షాపుల నుంచి జాతర కరపత్రమో, బడి బ్రోచరో తెచ్చి అతికిస్తే కూడా చిక్కే. అవి అనూ ఫాంట్లలో ఉంటాయి. ఫాంట్ తీస్తే మిగిలేది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఏ సిస్టమ్‌లోనైనా తెలుగుగా కనిపించే యూనికోడ్‌లోకి మార్చుకుని, మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూసుకోవాలి. వాట్సాప్‌లోనో వర్డ్‌లోనో రాసిన కోడ్ తెచ్చినా జాగ్రత్త. వంకర కొటేషన్ గుర్తులు వస్తే ఫొటో రాదు, లింకు పోదు.

బీ క్యాంపు, కర్నూలు

చాలామంది ఇళ్లల్లో ఫోన్ ఉంది. హోంవర్క్ ఫోన్‌లో చేయించవచ్చా?

జమ్మలమడుగు

చేయవచ్చు, ఒక మెలిక ఉంది. ఆండ్రాయిడ్‌లో ఫైల్ మేనేజర్ నుంచి పేజీ తెరిస్తే క్రోమ్‌కు ఆ ఒక్క ఫైలే అందుతుంది. పక్కనున్న సీఎస్ఎస్, ఫొటోలు రావు. తప్పు రాశామనుకుని పిల్లలు తలలు పట్టుకుంటారు. అకోడ్ లాంటి ఎడిటర్ యాప్‌లో ప్రివ్యూ నొక్కితే అన్నీ వస్తాయి. యాప్ వద్దనుకుంటే ఫోన్ వరకు స్టైల్‌ను అదే ఫైలులో హెడ్‌లో పెట్టాలి. హెడ్‌లో పేజీని తెర వెడల్పుకు సర్దే వ్యూపోర్ట్ లైను రాయకపోతే ఫోన్ దాన్ని 980 పిక్సెళ్ల వెడల్పు పేజీగా లెక్కేసి అక్షరాలన్నీ చీమల్లా చూపిస్తుంది.

ఓర్వకల్లు రాళ్లు

ఫొటోల గురించి ఒక మాట. ఫోన్ కెమెరా ఫొటో ఒక్కోటి మూడు నాలుగు ఎంబీ ఉంటుంది. పెయింట్‌లో రీసైజ్ చేసి 1200 పిక్సెళ్ల వెడల్పుకు తెస్తే 200 కేబీ చుట్టుపక్కలకు వస్తుంది. పేర్లన్నీ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టాలి. కెమెరా ఇచ్చే ఫైలుకు చివర జేపీజీ పెద్ద అక్షరాల్లో ఉండి, పేజీలో చిన్న అక్షరాల్లో రాసినా విండోస్‌లో ఫొటో కనిపిస్తుంది. నెట్‌లో సైట్లు పెట్టుకునే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టగానే మాయమవుతుంది, ఎందుకంటే అక్కడ పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేరువేరు. సీ డ్రైవ్ నుంచి మొదలయ్యే దారి రాసినా అంతే, ఆ సిస్టమ్ దాటితే రాదు.

నెట్‌లో పెట్టాల్సిన పనే లేదంటాను. ఒక సిస్టమ్‌లో పైథాన్ 3.8 (ఒక ప్రోగ్రామింగ్ భాష) వేయండి, విండోస్ 7లో నడిచే చివరిది అదే. సైట్ల ఫోల్డర్‌లో నుంచి దానితో వచ్చే, మిగతా సిస్టమ్‌లకు పేజీలు అందించే హెచ్‌టీటీపీ సర్వర్‌ను 8000 పోర్టు మీద నడపండి. ఫైర్‌వాల్ అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కు అనుమతి ఇవ్వండి. ఒకే రూటర్‌కో, స్విచ్‌కో కలిపిన మిగతా సిస్టమ్‌లలో బ్రౌజర్‌లో దాని ఐపీ అడ్రస్, పోర్టు కొడితే అందరి సైట్లూ కనిపిస్తాయి. నెట్ అక్కర్లేదు, పిల్లల పేర్లూ ఫొటోలూ బయటికి పోవు.

ఎర్రముక్కపల్లి, కడప

సరే, సంక్రాంతి దాకా మీ దారే పోనీయండి. పేజీతో పనులు చేయించే జావాస్క్రిప్ట్ కూడా పెడతారా?

గుత్తికోట, అనంతపురం

ఈ ఏడాది వద్దు. హెచ్‌టీఎంఎల్‌లో తప్పు చేస్తే బ్రౌజర్ సర్దుకుని ఏదో ఒకటి చూపిస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ఒక బ్రాకెట్ పోతే ఆ స్క్రిప్టు మొత్తం నడవదు, కారణం ఎఫ్12 కన్సోల్‌లో ఇంగ్లీషులో ఉంటుంది. ఉన్న ముప్ఫై చిల్లర పీరియడ్లు దానికి చాలవు. ఏఐతో కోడ్ రాయించుకోవడం కూడా అంతే, ఇచ్చింది చదివి ఏ లైను ఏం చేస్తుందో చెప్పగలిగాక వాడుకోనీయండి.

పేజీల్లో ఏం రాశారో కూడా చూడండి. నెట్‌లోని పాత వ్యాసాలు దింపితే బెలూం గుహలు కర్నూలు జిల్లా అనీ, లేపాక్షి అనంతపురం జిల్లా అనీ వస్తుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి అవి నంద్యాల, శ్రీ సత్యసాయి జిల్లాల్లో ఉన్నాయి. టేబుల్ ట్యాగుకు మాత్రం గుళ్లూ గోపురాలూ పనికిరావు. మార్కెట్ యార్డు ఉల్లి ధరలు వారం రోజులవి రాసుకురమ్మనండి. తేదీ, కనిష్ఠం, గరిష్ఠం, మూడు నిలువు వరసలు చాలు.

బీ క్యాంపు, కర్నూలు

చివరగా మార్కులు. పరీక్ష ఎట్లా పెట్టాలి? పూర్తి రూపాలు అడగబోమని ముందే చెప్తున్నా.

ఓర్వకల్లు రాళ్లు

పాడైన పేజీ ఒకటి ఇవ్వండి. అందులో ఆరు తప్పులు పెట్టండి: మూయని టైటిల్, మూయని లింకు, సీ డ్రైవ్ దారితో ఫొటో, ఒక వంకర కొటేషన్, సెమీకోలన్ లేని సీఎస్ఎస్ లైను, లేని పేజీకి పోయే లింకు. 20 నిమిషాలు టైం. సరిచేసిన ఒక్కో తప్పుకు రెండు మార్కులు, అది ఎందుకు తప్పో తెలుగులో ఒక వాక్యం రాస్తే ఇంకో మార్కు. సిస్టమ్‌లు 12 కాబట్టి మూడు విడతలుగా పిలవాలి. విడతకో పేజీ మార్చండి, లేకపోతే మొదట బయటికొచ్చినవాళ్లు వరండాలోనే మిగతావాళ్లకు చెప్పేస్తారు.