వేరే దేశం నుంచి వేలంలో కొంటే కస్టమ్స్ డ్యూటీ ఎవరిది?

పాతకెమెరా:
ఈబేలో ఒక పాత ఫిల్మ్ కెమెరా లెన్స్ చూశానండి, అమ్మేవాడు వేరే దేశంలో ఉన్నాడు, షిప్పింగే లెన్స్ రేటుకి దగ్గరగా ఉంది, పైగా డ్యూటీ ఎవరు కట్టాలో అర్థం కావట్లేదు. గిఫ్ట్ అని రాసి పంపిస్తా అంటున్నాడు, ఒప్పుకోవచ్చా?

రాత్రిబిడ్డర్:
అస్సలు వద్దు. కొన్నదాన్ని గిఫ్ట్ అనడం తప్పుడు డిక్లరేషనే, కస్టమ్స్‌లో దొరికితే ఆపేస్తారు, విలువ తక్కువ రాసి ఉంటే దారిలో పగిలినా ఇన్సూరెన్స్ సరిగ్గా రాదు. డ్యూటీ మామూలుగా కొన్నవాళ్లదే, డీడీపీ (డ్యూటీ కట్టేసి డెలివరీ) అని ఉంటేనే అమ్మేవాళ్లు కడతారు.

మూటముడి:
నేను అమ్మే వైపు నుంచి చెప్తా. పోస్టులో అయితే సరుకు విలువ 300 ఎస్‌డీఆర్ (ఐఎంఎఫ్ వాడే లెక్క యూనిట్) దాకా సీఎన్ 22 అనే కస్టమ్స్ డిక్లరేషన్ ఫారం, దాటితే సీఎన్ 23. ఊరికే "పార్ట్స్" అని రాస్తే చాలదు, వస్తువేంటో వివరంగా రాయాలి. ఒకసారి ట్రాకింగ్ లేకుండా పంపా, రాలేదన్నాడు, నా దగ్గర రుజువేం లేదు, డబ్బులు వెనక్కిచ్చేశా 😒

పాతకెమెరా:
అమ్మో. మరి బిడ్ ఎంత వేయాలి?

రాత్రిబిడ్డర్:
మీ బడ్జెట్‌లోంచి షిప్పింగ్, డ్యూటీ తీసేయండి, మిగిలిందే మీ గరిష్ఠ బిడ్. అది ఒకేసారి పెట్టేస్తే సైటే అవసరమైనంత వరకు పెంచుకుంటూ పోతుంది. లెన్స్‌లో ఫంగస్ ఉందేమో ముందే అడగండి. సైట్ బయట డబ్బు పంపమంటే మాత్రం అక్కడితో వదిలేయండి.