కలుపుగోలు మనిషి అంటే వాగుడుకాయ అనా?

ప్రశ్న: మా ఆఫీసులో ఒకావిడ రిటైరవుతున్నారు. వీడ్కోలు సభలో చదవడానికి నాలుగు మాటలు రాస్తూ "మేడమ్ చాలా కలుపుగోలు" అన్నాను. పక్క సీటాయన చూసి, "కలుపుగోలు అంటే వాగుడుకాయ అనేగా, పెద్దావిడని అలా అంటారా?" అన్నారు. అప్పట్నుంచీ టెన్షన్. "స్నేహశీలి" అని మార్చేయనా?

జవాబు: మార్చకండి. అది అచ్చమైన మెచ్చుకోలు మాట. మెచ్చుకొను నుంచి మెచ్చుకోలు, వేడుకొను నుంచి వేడుకోలు వచ్చినట్టే కలుపుకొను నుంచి ఇది వచ్చింది. కొనుగోలులోలాగే 'కో' కాస్తా 'గో' అయింది. నలుగురినీ తనలో కలుపుకునే గుణం అన్నమాట. ఎంతసేపు మాట్లాడతారన్నది లెక్క కాదు. కొత్తగా చేరిన కుర్రాడు టిఫిన్ బాక్సు పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలీక నిలబడితే, కుర్చీ కాస్త జరిపి "ఇటు రా బాబూ" అనేవాళ్లు కలుపుగోలు మనుషులు. ఆ తర్వాత నోరు విప్పకపోయినా సరే. గంటసేపు తన గొడవే చెప్పుకుని, ఎదుటివాడి పేరైనా అడగనివాడు వాగుడుకాయ.

నోటితో అయితే "చాలా కలుపుగోలు" చెల్లుతుంది. రాతలో "కలుపుగోలు మనిషి" అనో, "కలుపుగోలుగా ఉంటారు" అనో పూర్తి చేస్తే నిండుగా ఉంటుంది. గుణాన్ని చెప్పాలంటే కలుపుగోలుతనం. స్నేహశీలి తప్పేం కాదు గానీ, శాలువా కప్పి మాట్లాడినట్టుంటుంది.

మరొకరు: "కలివిడిగా ఉంటారు" అన్నా బాగుంటుంది. "అందరితో రాసుకుపూసుకు తిరుగుతారు" అని మాత్రం పొరపాటున కూడా రాయకండి, అందులో దెప్పిపొడుపు ఉంది. బహిర్ముఖి (ఎక్స్‌ట్రోవర్ట్) కూడా వద్దు. అది మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో ప్రచారంలోకి తెచ్చిన మనస్తత్వ విభజనకి మనం పెట్టుకున్న పేరు. అంతర్ముఖుల్లోనూ (ఇంట్రోవర్టుల్లోనూ) కలుపుగోలు మనుషులు ఉంటారు, మా అక్కే సాక్ష్యం.

ప్రశ్న అడిగినవారు: ఇలా మార్చాను: "మేడమ్ చాలా కలుపుగోలు మనిషి. నేను చేరిన రోజు నా పేరు అడిగి, సాయంత్రానికల్లా అందరికీ పరిచయం చేశారు." సరేనా? పక్క సీటాయన ఇప్పుడు "మరి కలుపు మొక్కో?" అంటున్నారు.

జవాబు: బాగుంది. "చాలా" తీసేయండి, రెండో వాక్యమే ఆ పని చేస్తోంది. కలుపు మొక్కకీ ఈ మాటకీ అర్థంలో పొత్తు లేదు. ఆయన చేతికి మాత్రం మైకు ఇవ్వకండి.