'గెట్' అన్న ఒక్క మాటకు ఎన్ని అర్థాలు? తప్పుగా చదివి రెండో జాకెట్టు ముక్క పంపించాను

ప్రశ్న: పట్టుఅంచు, అనంతపురం

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, టవర్ క్లాక్ దగ్గర. ధర్మవరంలో మగ్గాల వాళ్ల దగ్గర పట్టుచీరలు తెచ్చి, ఇంట్లోనే పెట్టుకుని వాట్సాప్‌లో అమ్ముతాను. టెన్త్ దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు మెసేజ్ చూస్తే మాటలన్నీ తెలిసినవే అనిపిస్తాయి, వాక్యం మాత్రం చిక్కదు.

పోయిన నెల బెంగళూరులో ఉండే ఒకావిడ వంకాయ రంగు చీర తీసుకుంది. చీర పంపేటప్పుడే రాశాను, జాకెట్టు ముక్క చీర చివర్లో కలిపే నేశారు, మధ్యలో నెయ్యకుండా దారాలు వదిలిన చోట కత్తిరించుకోండి అని. ఆవిడకు తెలుగు రాదు, అందుకని ఫోన్‌లోనే ఇంగ్లీషులోకి మార్చి పంపాను. చీర అందిన రోజు ఆవిడ దగ్గర్నుంచి ఒకే ఒక్క లైను వచ్చింది: "ఐ డిడింట్ గెట్ ది బ్లౌజ్ పార్ట్."

గెట్ అంటే పొందడం అని బళ్లో నేర్చుకున్నాను. అంటే జాకెట్టు ముక్క అందలేదన్నమాట! ఒకటే టెన్షన్. నేసిన ఆయనకు ఫోన్ చేసి, అదే రంగు ముక్క వెతికించి, 650 రూపాయలు పెట్టి కొని, కొరియర్‌కు ఇంకో 90 కట్టి పంపించాను. అది అందాక ఆవిడ ఫోన్ చేసింది. ముక్క చీరలోనే ఉందట. ఎక్కడ కత్తిరించాలో నేను రాసింది అర్థం కాలేదని ఆవిడ అడిగిందట. డబ్బు పంపిస్తానంది, నేనే వద్దన్నాను. ఆవిడ తప్పేముంది ఇందులో?

అప్పటి నుంచి గెట్, గాట్ ఉన్న ప్రతి మెసేజ్ నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. గాట్ ది సారీ. గెట్ మీ వన్ మోర్. హావ్ యూ గాట్ దిస్ ఇన్ గ్రీన్. ఇట్ గాట్ వెట్. ఐ గాట్ ది ఫాల్ స్టిచ్డ్. ఒక్కోచోట ఒక్కో పని చేస్తోంది ఈ మాట. దీన్ని గుర్తుపట్టే దారి ఎవరైనా చెప్తారా?

జవాబు 1: ఇంగ్లీషు మాస్టారు, రిటైర్డ్, కర్నూలు

అమ్మా, నోట్‌బుక్కులో రాసుకుంటున్నారే, అదే సరైన దారి. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, 'గెట్ అంటే పొందు' అని బట్టీ పట్టించడం వల్ల జరిగే నష్టం ఇలాగే ఉంటుంది. ఆ మాటకు ఒకే తెలుగు మాట వెతక్కండి. గెట్ తర్వాత ఏమొచ్చిందో చూడండి.

తర్వాత వస్తువు వస్తే అందడమో, దొరకడమో, తేవడమో. 'గాట్ ది సారీ' అంటే చీర అందింది. 'గెట్ మీ వన్ మోర్' అంటే నాకు ఇంకోటి తెప్పించండి.

తర్వాత ఒక స్థితిని చెప్పే మాట వస్తే అక్కడ అందడం, తేవడం ఏమీ లేదు, ఉన్నది మారిందని అర్థం. మన భాషలో ఈ పని 'పోవు' చేస్తుంది. ఇట్ గాట్ వెట్, తడిసిపోయింది. ఇట్ గాట్ టోర్న్, చినిగిపోయింది. తడిసిన చీర ఎక్కడికో పోయిందని మనం అనుకోం కదా, అట్లాగే ఇదీ. మనిషి మనసు గురించైతే 'వచ్చు' వాడతాం: షీ గాట్ యాంగ్రీ, ఆమెకు కోపం వచ్చింది.

వస్తువు చెప్పి, ఆ వెనకే అయిపోయిన పని చెబితే, ఇంకొకరి చేత చేయించుకున్నట్టు. 'ఐ గాట్ ది ఫాల్ స్టిచ్డ్', ఫాల్ కుట్టించుకున్నాను. కుట్టాను, కుట్టించాను అని మనం క్రియలోనే తేడా చూపిస్తాం. వాళ్లు గెట్ సాయం తెచ్చుకుంటారు. 'హావ్ యూ గాట్' అంటే ఏదో అందిందా అని అడగడం కాదు, మీ దగ్గర ఉందా అని. ఆకుపచ్చలో ఉందా అంటున్నారు, అంతే.

ఇక మిమ్మల్ని ముంచిన వాక్యం. గెట్ తర్వాత చెప్పిన మాటో, సంగతో వస్తే అర్థమవడం. కానీ 'పార్ట్' అంటే ముక్కా అవుతుంది, మీరు రాసినదాంట్లో ఒక భాగమూ అవుతుంది. ఆ ఒక్క లైనే చూపిస్తే నేనైనా మీలాగే చదివేవాణ్ణి. ఇది మీకు ఇంగ్లీషు రాక జరిగింది కాదు.

ఈ మాట అసలు ఇంగ్లీషుది కూడా కాదు. స్కాండినేవియా నుంచి వెళ్లి ఇంగ్లండులో స్థిరపడ్డవాళ్ల నోటి నుంచి వచ్చింది. సుమారు 800 ఏళ్లుగా వాడుకలో ఉంది. 'ఫర్‌గెట్'లో ఉన్న గెట్ దీనికి చుట్టమే, పట్టు జారడం అని దాని మొదటి భావం.

జవాబు 2: కడప వాసి

మాస్టారు చెప్పింది బాగుంది. అయితే అక్కా, ఇన్ని సూత్రాలు చూసి బెదిరిపోకండి. మన 'పడు'ను చూడండి. బోరులో నీళ్లు పడ్డాయి. అకౌంట్లో జీతం పడింది. ఆ అన్నదమ్ములకు పడదు. నాకు చేపలు పడవు. భయపడ్డాడు, కష్టపడ్డాడు, నిద్ర పట్టక ఇబ్బందిపడ్డాడు. వీటిలో నిజంగా కిందపడింది ఏదీ లేదు. మా నాన్న మూడు బోర్లు వేయించాడు, నాలుగోదాంట్లో నీళ్లు 'పడ్డాయి' అంటే ఊరంతా వచ్చింది. నీళ్లు కిందికి పడ్డాయా పైకొచ్చాయా అని ఒక్కరూ అడగలేదు.

ఈ చిక్కు మనకంటే ముందు తెల్లవాళ్లు పడ్డారు. సి.పి.బ్రౌన్ 1820లో మా కడపకు ఉద్యోగానికి వచ్చి తెలుగు మీద మనసు పెట్టాడు. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. అందులో 'పడు' దగ్గర ఆగి చదవండి, పరాయి మనిషి మన మాట వెంట ఎంత ఓపిగ్గా నడిచాడో తెలుస్తుంది. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ పేరుతో భాషా పరిశోధన కేంద్రం, లైబ్రరీ ఉన్నాయి. ఎప్పుడైనా కడప వస్తే చూడండి.

'దే డోంట్ గెట్ అలాంగ్' అని ఎవరైనా రాస్తే దానికి మన 'వాళ్లకు పడదు' అచ్చంగా సరిపోతుంది.

జవాబు 3: నంద్యాల, ఇప్పుడు బెంగళూరు

నేను కస్టమర్ కేర్‌లో చేస్తాను అక్కా. అనుమానం వస్తే ఊహించొద్దు, వెంటనే అడగండి. 'నాట్ రిసీవ్డ్? ఆర్ నాట్ క్లియర్?' అని ఇంతే రాయండి, ఎవరూ ఏమీ అనుకోరు. అందలేదంటే ఒక ఫోటో పెట్టమనండి. ఫోటో వచ్చేదాకా ఒక్క రూపాయి ఖర్చు పెట్టొద్దు.

పట్టుఅంచు, అనంతపురం

అందరికీ చాలా థ్యాంక్స్. మాస్టారు గారూ, తడిసిపోయింది అన్న చోట నాకు దారి కనిపించింది. నోట్‌బుక్కులో ఇప్పుడు ప్రతి లైను పక్కన తెలుగు రాస్తున్నాను. తమ్ముడు చెప్పిన రెండు ప్రశ్నలు ఫోన్‌లో సేవ్ చేసుకున్నాను.

ఇంకొక్కటి. ఇవాళ పొద్దున కొత్త కస్టమర్ ఆకుపచ్చ చీర ఫోటో చూసి 'ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ ఆన్ మండే' అని పెట్టింది. చీర ఇంకా నా దగ్గరే ఉంది, మరి వెనక్కి ఇచ్చేదేముంది?

ఇంగ్లీషు మాస్టారు, కర్నూలు

చీర సంగతి కాదమ్మా. సోమవారం మళ్లీ మాట్లాడతాను, అప్పుడు ఏ సంగతీ చెప్తాను అని.

పట్టుఅంచు, అనంతపురం

సరే సార్. అయితే సోమవారం దాకా ఆ చీర ఇంకెవరికీ చూపించకుండా బీరువాలో పెడతాను.